ఉమేదువారీ నుంచి ఇంటర్న్‌షిప్ దాకా: అనుభవం ఎవరి సొత్తు?



పోయిన ఆదివారం సంక్షేమ హాస్టళ్ళ గురించి రాసిన భాగం చదివి మా పాత విద్యార్థిని ఒకమ్మాయి ఫోన్ చేసింది. పేరు రాయను. మూడేళ్ళ కిందట మా కాలేజీలో బీకాం కంప్యూటర్స్ పూర్తి చేసింది. "హాస్టల్ దాకా బానే రాశారు మేడం. పెట్టె సర్దుకుని గేటు దాటాక ఏం జరుగుద్దో కూడా రాయండి" అంది. ఆ తర్వాత అసలు విషయానికి వచ్చింది. అమీర్‌పేటలో ఒక కన్సల్టెన్సీ అతను రెండేళ్ళ అనుభవానికి రేటు చెప్పాడట. ఆఫర్ లెటర్, జీతం స్లిప్పులు, రిలీవింగ్ లెటర్, ఎవరైనా ఫోన్ చేస్తే "అవునండీ, మా దగ్గరే చేసింది" అని చెప్పే మనిషి, అన్నీ కలిపి ఎనభై వేలు. వాళ్ళమ్మ డ్వాక్రా గ్రూపులో అప్పు తీస్తానందట. "తీసుకోమంటారా మేడం?" అని అడిగింది.

తప్పు అనే మాట నా నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఎందుకంటే ఆ అమ్మాయికి నిజమైన అనుభవం ఉంది. డిగ్రీ అయిపోయాక ఆరు నెలలు మా కాలేజీ లైబ్రరీలో కూర్చుని, బీరువాల్లో దుమ్ము కొట్టుకుపోయిన పుస్తకాల వివరాలన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించింది ఆమే. పైసా ఇవ్వలేదు. "అనుభవం వస్తుందమ్మా, రేపు ఉద్యోగానికి పనికొస్తుంది" అన్నారు అప్పటి పెద్దలు. తీరా సర్టిఫికెట్ అడిగితే ఆఫీసువాళ్ళు రిజిస్టర్ తిరగేసి, నియామక ఉత్తర్వు లేదు కాబట్టి సర్టిఫికెట్ ఇవ్వడం కుదరదన్నారు. చేసిన పనికి కాగితం లేదు. చేయని పనికి కాగితం అమీర్‌పేటలో దొరుకుతోంది.

పెళ్ళయితేగానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితేగానీ పెళ్ళి కాదు అని మన పల్లెల్లో ఒక మోటు సామెత ఉంది. ఉద్యోగం రావాలంటే అనుభవం కావాలి, అనుభవం రావాలంటే ఉద్యోగం కావాలి. ప్రతి ఫ్రెషర్‌ పిల్లాడూ ఈ ముడి తన తలరాత అనుకుంటాడు. ఇంగ్లిష్ సరిగ్గా రాకపోవడం వల్లనో, కోడింగ్ నేర్చుకోకపోవడం వల్లనో అనుకుంటాడు. నేను చదివింది తెలుగు సాహిత్యం, ఆర్థికశాస్త్రం కాదు. కానీ పాత కాగితాలు, పాత మాటలు తిరగేయడం నా వృత్తి. ఆ వృత్తిలో నాకు దొరికిన ఒక మాట దగ్గర్నుంచి ఈ భాగం మొదలుపెడతాను.

ఆ మాట ఉమేదువారు. బ్రౌన్ నిఘంటువులో ఉంది చూడండి. ఉమ్మీద్ అంటే పారశీకంలో ఆశ. ఉమేదువారు అంటే ఆశపెట్టుకున్నవాడు. కంపెనీ కాలంలో కలెక్టరు కచేరీలో, తాలూకా కచేరీలో జీతం లేకుండా కూర్చుని, గుమాస్తాలకు నకళ్ళు రాసిపెడుతూ, లెక్కలు కట్టిపెడుతూ, ఎప్పుడో ఒక ఖాళీ రాకపోతుందా అని ఎదురుచూసే కుర్రాణ్ణి అలా పిలిచేవారు. ఆ ఎదురుచూపు పేరు ఉమేదువారీ. ఇవాళ ఇంటర్న్ అంటున్నాం. మాట మారింది, ఆశ మారలేదు, జీతం లేకపోవడమూ పెద్దగా మారలేదు.

ఇప్పుడు ఆలోచించండి. ఏళ్ళ తరబడి జీతం లేకుండా కచేరీలో కూర్చోగలిగినవాడు ఎవడు? ఇంట్లో మాన్యం భూమి ఉండాలి. అన్నం పెట్టే బావో బాబాయో ఆ ఊళ్ళోనే ఉండాలి. అన్నిటికన్నా ముందు ఆ కచేరీ అరుగు ఎక్కనివ్వాలి. గుంటూరు జిల్లా మీద ఫ్రైకెన్‌బర్గ్ అనే చరిత్రకారుడు 1965లో ఒక పుస్తకం వేశాడు. 1788 నుంచి 1848 దాకా ఆ జిల్లా పాలన ఎలా నడిచిందో అందులో రాశాడు. పేరుకు కలెక్టరు తెల్లవాడు. కచేరీని నడిపింది మాత్రం కొద్ది దేశస్థ బ్రాహ్మణ కుటుంబాలు. శిరస్తాదారు చుట్టూ అతని చుట్టాలు, వాళ్ళ కింద వాళ్ళ చుట్టాలు. ఎవరు ఉమేదువారుగా కూర్చోవాలో, ఎవరు పని నేర్చుకోవాలో, ఏ ఖాళీ ఎవరికి దక్కాలో ఇంట్లో విస్తరి ముందే తేలిపోయేది. అనుభవం అనేది ఆ రోజుల్లో ఒక కుటుంబ ఆస్తి. తండ్రి పొలం కొడుక్కి ఇచ్చినట్టు మామ తన కచేరీ నైపుణ్యాన్ని అల్లుడికి ఇచ్చాడు.

ఇది నా కుల ద్వేషం అనుకునే వాళ్ళ కోసం ఒక ప్రభుత్వ కాగితం చూపిస్తాను. 1854లో మద్రాసు రెవెన్యూ బోర్డు తన కలెక్టర్లకు ఒక స్థాయీ ఉత్తర్వు ఇచ్చింది. జిల్లాలో కింది ఉద్యోగాలు పలుకుబడి ఉన్న కొద్ది కుటుంబాల గుత్తసొత్తు కాకుండా చూసుకోవాలని, ముఖ్యమైన ఉద్యోగాలను వేర్వేరు కులాల మధ్య పంచే ప్రయత్నం చేయాలని దాని సారాంశం. 1854! అంబేడ్కర్ పుట్టడానికి ముప్పై ఏడేళ్ళ ముందు. ఫూలే పని అప్పుడప్పుడే మొదలైంది. రిజర్వేషన్లు మెరిట్‌ను చంపేశాయని మాట్లాడేవాళ్ళు ఈ తేదీని గోడ మీద రాసుకోవాలి. కులాల మధ్య ఉద్యోగాలు పంచమని మొదట చెప్పింది దళిత నాయకుడు కాదు. పన్నులు సరిగ్గా రావడం తప్ప మరో ధ్యాస లేని ఒక కంపెనీ బోర్డు. ఆ ఉత్తర్వు చాలాకాలం కాగితంగానే మిగిలిపోయింది, అది వేరే సంగతి.

అదే కచేరీకి మన వాళ్ళు రోజూ వెళ్ళేవాళ్ళు. ఈ విషయం దగ్గర నేను కాసేపు ఆగాలి.

ఊరి పాలనలో కరణం, మునసబు కింద వెట్టివాళ్ళు ఉండేవాళ్ళు. చాలా ఊళ్ళలో మాల, మాదిగ వాడల నుంచే. శిస్తు మూటను తాలూకా ఖజానా దాకా మోసింది వాళ్ళు. దండోరా వేసింది వాళ్ళు. సర్వేవాళ్ళు వస్తే గొలుసు పట్టుకున్నది వాళ్ళు. ఏ చేను ఎవరిదో, ఏ గట్టు ఎక్కడ జరిగిందో, ఏ చెరువు తూము ఏ కాలంలో పూడిందో నోటికి చెప్పగలిగింది వాళ్ళు. మా తాత అలాంటివాడే. మా ఊళ్ళో గట్టు తగాదా వస్తే కాగితం తీసేముందు ఆయన్ని పిలిచేవాళ్ళని మా అమ్మ చెప్తుంది. రెవెన్యూ శాఖలో తరతరాల అనుభవం అది. దాన్ని ఎవరూ అనుభవం అనలేదు. వెట్టి అన్నారు. అదే పనిని పుస్తకంలోకి ఎక్కించినవాడిది అనుభవం. కరణం కొడుకు పదేళ్ళ వయసులో తండ్రి పక్కన కూర్చుని అడంగల్ చూస్తే అది శిక్షణ. మా తాత కొడుకు పదేళ్ళ వయసులో తండ్రి వెంట మూట మోస్తే అది కులవృత్తి. 1984లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కరణం, మునసబు పదవులను రద్దు చేసేదాకా ఈ ఏర్పాటు ఏదో ఒక రూపంలో నడిచింది.

కాబట్టి మనకు అనుభవం లేదు అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. మన అనుభవానికి సర్టిఫికెట్ ఇచ్చేవాడు లేడు, అంతే.

మన వాళ్ళకు జీతం ఉన్న మొదటి మెట్టు మిషన్ బడిలో దొరికింది. లూథరన్లు, బాప్టిస్టులు పెట్టిన వాడబడుల్లో పంతులు ఉద్యోగం. అది కూడా ఎంత వణికే మెట్టో చూడాలంటే జాషువా జీవితం చూడండి. మహాకవిగానే మనకు ఆయన తెలుసు. నేను క్లాసులో ఆయన పద్యం చెప్పేముందు ఆయన ఉద్యోగాల చిట్టా చెప్తాను, పిల్లలు అప్పుడే తలెత్తి వింటారు. వినుకొండ దగ్గర మిషన్ బడిలో నెలకు మూడు రూపాయల జీతం. ఆ ఉద్యోగం పోయింది. 1915-16 ప్రాంతంలో రాజమండ్రిలో మూకీ సినిమా ఆడుతుంటే పక్కన నిలబడి కథ, మాటలు చదివి వినిపించే పని చేశాడు. తర్వాత గుంటూరులో లూథరన్ ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో పదేళ్ళు పంతులు. ఉభయభాషా ప్రవీణ సాధించి తెలుగు పండితుడు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ప్రచార ఉద్యోగం. చివరికి మద్రాసు రేడియోలో. ఇవాళ మన పిల్లల రెజ్యూమేలు చూసి "ఒక చోట నిలకడ లేదు" అని పెదవి విరిచే హెచ్‌ఆర్ వాళ్ళకు ఈ చిట్టా పంపాలనిపిస్తుంది నాకు. నిలకడ అనేది నిలబడనిచ్చిన చోట వస్తుంది.

ఇక బాబాసాహెబ్. మనందరికీ తెలిసిన కథే, కానీ ఉద్యోగం కోసం తిరుగుతున్న ఒక కొత్త పట్టభద్రుడి కథగా ఎప్పుడైనా చదివారా? 1913లో బరోడా సంస్థానం స్కాలర్‌షిప్‌తో అమెరికా వెళ్ళాడు. చదువయ్యాక పదేళ్ళు సంస్థానంలో పనిచేస్తానని ఒప్పందం. కొలంబియాలో ఎం.ఏ. చేసి, పీహెచ్‌డీ గ్రంథం సమర్పించి, లండన్‌లో చదువు మధ్యలో ఆపుకుని 1917 సెప్టెంబరులో బరోడా వచ్చాడు. ఇరవై ఆరేళ్ళ వయసు. మహారాజుకు మిలిటరీ సెక్రటరీ పదవి. ఇంతకన్నా మంచి మొదటి ఉద్యోగం ఎవరికి దొరుకుతుంది? ఆఫీసులో బంట్రోతులు ఫైళ్ళు చేతికివ్వకుండా బల్ల మీదికి విసిరారు. తాగడానికి నీళ్ళు లేవు. ఉండటానికి ఇల్లు లేదు. పార్శీ సత్రంలో పేరు మార్చుకుని దిగితే పదకొండో రోజు కర్రలతో వచ్చి ఖాళీ చేయించారు. హిందూ మిత్రుణ్ణి అడిగితే నువ్వొస్తే మా నౌకర్లు వెళ్ళిపోతారన్నాడు. క్రైస్తవ మిత్రుడు భార్యనడిగి చెప్తానన్నాడు. రైలు వేళ దాకా ఒక పార్కులో కూర్చుని బొంబాయి తిరిగొచ్చాడు.

నా దృష్టిలో దాని తర్వాతి భాగం ఇంకా ముఖ్యం. బొంబాయిలో ఏం చేశాడు? ఇద్దరు విద్యార్థులకు ట్యూషన్ చెప్పాడు. షేర్లు, స్టాకుల మీద సలహాలిచ్చే చిన్న వ్యాపారం పెట్టాడు. కొలంబియా ఆర్థికశాస్త్రవేత్త దగ్గరికి మొదట జనం వచ్చారు. కులం తెలిశాక రావడం మానేశారు. 1918 నవంబరులో సిడెన్‌హామ్ కాలేజీలో ప్రొఫెసర్ అయ్యాడు, అక్కడా స్టాఫ్ నీళ్ళకుండ ముట్టుకోవద్దని తోటి అధ్యాపకుల గొడవ. ఉద్యోగం రాక ముందు కులం, వచ్చాక కులం, సొంత వ్యాపారం పెట్టుకుంటే కులం. "ఉద్యోగం అడగడం కాదు, ఉద్యోగం ఇచ్చేవాళ్ళు కండి" అని స్టార్టప్ ఉపన్యాసాలు ఇచ్చే పెద్దమనుషులకు 1918 నాటి ఆ స్టాకు సలహాల ఆఫీసు గుర్తుచేయండి.

ఆ మనిషే పాతికేళ్ళ తర్వాత ఏం చేశాడన్నది నా వ్యాసానికి వెన్నెముక. 1942లో వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో కార్మిక శాఖ సభ్యుడయ్యాడు. ఆ ఏడాది అక్టోబరులోనే అణగారిన వర్గాల బాధలు వివరిస్తూ వైస్రాయ్‌కి ఒక వినతి ఇచ్చాడు. 1943 ఆగస్టులో కేంద్ర ఉద్యోగాల్లో షెడ్యూల్డు కులాలకు 8.33 శాతం కేటాయిస్తూ ఉత్తర్వు వచ్చింది. 1946లో అది పన్నెండున్నర అయింది. ఇవాళ్టి 15 శాతం 1970లో వచ్చింది. అందరూ శాతాలే గుర్తుపెట్టుకుంటారు. 1943 ఉత్తర్వులో వయోపరిమితి మూడేళ్ళు పెంచడం, పరీక్ష ఫీజు తగ్గించడం కూడా ఉన్నాయి. ఆలస్యంగా బడికి వచ్చినవాడికి ఆ మూడేళ్ళు ఎంత విలువైనవో బరోడా రైల్వే స్టేషన్లో దిగినవాడికి తెలుసు.

మన తెలుగు నేల సంగతికొస్తే, అప్పటి మద్రాసు రాష్ట్రంలో జస్టిస్ పార్టీ కాలంలోనే కమ్యూనల్ జీవోలు వచ్చాయి. 1927 జీవో ప్రకారం ప్రతి పన్నెండు ఖాళీల్లో ఒకటి అణగారిన వర్గాలకు. పన్నెండులో ఒకటి. బ్రాహ్మణేతరుల ఉద్యమం అంత ఎగసిపడిన రాష్ట్రంలో కూడా మన వాటా అంతే. ఆ ఒక్కటి కూడా ఎన్నిసార్లు "తగిన అభ్యర్థి లేడు" అనే మాటతో మాయమైందో ఊహించడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు, ఆ మాట ఇప్పటికీ యూనివర్సిటీల్లో "నాట్ ఫౌండ్ సూటబుల్" పేరుతో బతికే ఉంది.

ఇక్కడ ఒక చిన్న వాక్యం గురించి చెప్పాలి. యూపీఎస్సీ నేరుగా నియమించే పోస్టుల ప్రకటనలు ఎప్పుడైనా పూర్తిగా చదివారా? అనుభవం ఎన్నేళ్ళు కావాలో రాసిన చోట కింద ఒక షరతు ఉంటుంది. అవసరమైన అనుభవం ఉన్న ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులు తగినంతమంది దొరికే అవకాశం లేదని కమిషన్ భావిస్తే ఆ అర్హతను సడలించవచ్చని. చాలామంది ఇది దయ అనుకుంటారు. నేను దాన్ని ఒప్పుకోలు పత్రం అంటాను. అనుభవం అనే అర్హత ఈ దేశంలో అందరికీ సమానంగా దొరకదని రాజ్యం తన సొంత ప్రకటనలో రాసుకుంది. ప్రైవేటు కంపెనీ ప్రకటనలో అలాంటి వాక్యం ఒక్కటి చూపించండి.

ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజీ గురించి ఇప్పటి పిల్లలకు తెలియదు. 1945లో యుద్ధం నుంచి తిరిగొచ్చే సైనికులకు పని చూపించడానికి పుట్టిన వ్యవస్థ అది. తర్వాత అందరికీ తెరిచారు. 1959లో ఖాళీలను తప్పనిసరిగా తెలియజేయాలనే చట్టం వచ్చింది. తెలియజేయాలనే ఉంది, అక్కడి నుంచే తీసుకోవాలని లేదు, గమనించండి. మా మేనమామ కార్డు నేను చూశాను. అంచులు చిరిగి, రెన్యువల్ ముద్రలతో నిండిపోయి ఉండేది. పదిహేనేళ్ళు చెప్పులరిగేలా తిరిగి రెన్యువల్ చేయించుకున్నాడు, ఒక్క కాల్ లెటర్ రాలేదు. అయినా ఆ క్యూలో ఒక న్యాయం ఉండేది. ముందు నమోదు చేసుకున్నవాడు ముందు. చుట్టరికం అడగని వరస అది. మన వాళ్ళలో చాలామంది మొదటి తరం అటెండర్లు, గుమాస్తాలు, ఆర్టీసీ కండక్టర్లు ఆ వరసలో నుంచే వచ్చారు. 1996లో కృష్ణా జిల్లా ఎక్సైజు శాఖ కేసులోనే సుప్రీంకోర్టు ఎక్స్ఛేంజీ పేర్లు ఒక్కటే చాలవు, పేపర్లలో కూడా ప్రకటన వేయాలి అంది. తర్కం సరైనదే. ఎక్స్ఛేంజీల్లోనూ అవినీతి తక్కువేం కాదు. కానీ ఆ వరస పోయిన చోట మరో వరస రాలేదు. నోటిఫికేషన్లు ఏళ్ళకేళ్ళు ఆగాయి, కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ వచ్చాయి. ఔట్‌సోర్సింగ్ ఏజెన్సీ గుమ్మం ముందు నిలబడితే మళ్ళీ అదే ప్రశ్న: నిన్ను ఎవరు పంపారు?

ఒక పక్కదారి మాట. తెలుగు వాళ్ళకు నిరుద్యోగి అనగానే 1981లో వచ్చిన ఆకలి రాజ్యం గుర్తొస్తుంది. ఢిల్లీ వీధుల్లో శ్రీశ్రీని పాడుకుంటూ ఆకలితో తిరిగే కమల్‌హాసన్. నాకూ ఇష్టమైన సినిమానే. చివరికి ఆ పెద్ద సంగీత విద్వాంసుడి కొడుకు క్షౌరవృత్తిలో చేరతాడు. హాలు చప్పట్లు కొడుతుంది, శ్రమ గౌరవం అని. నేను మొదటిసారి చూసినప్పుడు నా పక్కన ఉన్న స్నేహితుడు నాయీబ్రాహ్మణుడు. బయటికొచ్చాక, "మా నాన్న కత్తెర పట్టుకుంటే ఎవరూ చప్పట్లు కొట్టరెందుకే?" అన్నాడు. మన నిరుద్యోగ సాహిత్యం, సినిమా మొత్తం మీద ఒక పెద్ద వ్యాసం రాయాలి. మరోసారి.

1961 అప్రెంటిస్ చట్టం గురించి చెప్పకుండా అనుభవం చరిత్ర పూర్తికాదు. ఉమేదువారీకి రాజ్యం ఇచ్చిన చట్టబద్ధమైన రూపం అది. శిక్షణ ఉంటుంది, స్టైపెండ్ ఉంటుంది, గడువు ఉంటుంది, చివర సర్టిఫికెట్ ఉంటుంది. 1973 సవరణ ఇంజనీరింగ్ పట్టభద్రులను తీసుకొచ్చింది, ఎస్సీ, ఎస్టీలకు శిక్షణ స్థానాల్లో కేటాయింపూ తెచ్చింది. బీఏ, బీకాం పిల్లలకు తలుపు తెరుచుకోవడానికి 2014 సవరణ దాకా ఆగాల్సొచ్చింది. చట్టంలో ఒక తిరకాసు మొదటి నుంచీ ఉంది: శిక్షణ అయ్యాక ఉద్యోగం ఇవ్వాల్సిన బాధ్యత యజమానికి లేదు. 1995లో ఉత్తరప్రదేశ్ రవాణా సంస్థ అప్రెంటిస్‌ల కేసులో సుప్రీంకోర్టు, మిగతావన్నీ సమానమైతే శిక్షణ పొందినవాళ్ళకు ప్రాధాన్యం ఇమ్మంది. ఇప్పుడు 2024 బడ్జెట్లో ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకం వచ్చింది, ఐదేళ్ళలో కోటిమందికి, నెలకు ఐదు వేలు. ఐదు వేలతో హైదరాబాద్‌లో నెల ఎలా గడుస్తుందో ఆ లెక్క కట్టిన వాళ్ళెవరైనా మా అమ్మాయి ఉండే రూముకు వచ్చి చూడాలి. నలుగురు ఒక గది. వంట వంతులవారీగా. రోజుకు ఒకే ఒకరికి ఇంటర్వ్యూ చొక్కా ఇస్త్రీ చేయించే స్తోమత.

ప్రైవేటు రంగం సంగతి ఒక పరిశోధన చెప్పింది. సుఖ్‌దేవ్ థోరట్, పాల్ అటెవెల్ కలిసి చేశారు, 2007లో ఇపీడబ్ల్యూలో వచ్చింది. పేపర్లలో వచ్చిన 548 ఉద్యోగ ప్రకటనలకు 4,808 దరఖాస్తులు పంపారు. చదువు అదే, అర్హత అదే, పేరు మాత్రమే వేరు. ఒకటి అగ్రకుల హిందూ పేరు, ఒకటి దళిత పేరు, ఒకటి ముస్లిం పేరు. పిలుపు వచ్చే అవకాశం అగ్రకుల పేరుతో పోలిస్తే దళిత పేరుకు 0.67, ముస్లిం పేరుకు 0.33. ఇక్కడ అందరూ ఫ్రెషర్ల లాంటి దరఖాస్తుదారులే, ఎవరినీ ఎవరూ చూడలేదు, మాట్లాడలేదు. కవరు తెరిచిన చోటే తేడా. అదే సంవత్సరం జోధ్కా, న్యూమన్ అనే ఇద్దరు హెచ్‌ఆర్ మేనేజర్లతో మాట్లాడి రాశారు. మాకు కులం పట్టింపు లేదు, ప్రతిభే ముఖ్యం అన్న అదే నోటితో ఇంటర్వ్యూలో "కుటుంబ నేపథ్యం" తప్పక అడుగుతామన్నారట. మీ నాన్న ఏం చేస్తారు? ఈ ప్రశ్న గుంటూరు కచేరీ శిరస్తాదారుది. సూటు వేసుకుని వచ్చింది.

సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో దాని పేరు రిఫరల్. లోపల ఉన్నవాడు బయట ఉన్న తన వాడి రెజ్యూమే పంపితే అది పైకి వస్తుంది, ఉద్యోగం వస్తే పంపినవాడికి బోనస్ కూడా ఇస్తారు. లోపల మన వాడు లేకపోతే? 2008 నుంచి ఉమ్మడి రాష్ట్రంలో ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చి మన పిల్లలు వేలాదిగా ఇంజనీరింగ్, డిగ్రీ చదివారు. నేను ఆ పథకాన్ని ఎప్పుడూ తక్కువ చేయను, మా ఇంట్లో ఇద్దరు దానితోనే చదివారు. కానీ చదువు దాకా వేసిన వంతెన ఉద్యోగం దాకా వేయలేదు. పైగా ప్రభుత్వం బకాయి పెడితే కాలేజీలు ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆపుతున్నాయి. ఆఫర్ చేతిలో ఉంది, చేరే తేదీ ఉంది, ప్రొవిజనల్ కాలేజీ బీరువాలో ఉంది. ఇలా పోగొట్టుకున్న ఉద్యోగాలు నా విద్యార్థుల్లోనే రెండున్నాయి. ఆరు నెలలు ఆలస్యమైతే రెజ్యూమేలో గ్యాప్. గ్యాప్ ఎందుకొచ్చిందని మళ్ళీ ప్రశ్న.

అంతర్జాతీయ కార్మిక సంస్థ 2024లో ఇచ్చిన భారత ఉపాధి నివేదిక ప్రకారం 2022లో యువ పట్టభద్రుల్లో నిరుద్యోగం 29.1 శాతం. చదవడం రాయడం రాని యువతలో 3.4 శాతం. చదువుకుంటే ఉద్యోగం వస్తుందని మా అమ్మ పొగాకు బ్యారన్లో ఆకు గ్రేడింగ్ చేస్తూ నమ్మింది. ఈ అంకెలు ఆమెకు ఎలా చెప్పాలో నాకు తెలియదు. చదువు రాని వాళ్ళకు పని ఎక్కువ దొరుకుతోందని కాదు దీని అర్థం, పని లేకుండా ఒక్కరోజు కూడా కూర్చోలేరని. మన పట్టభద్రుల్లో చాలామంది కూడా కూర్చోలేరు. మా అమ్మాయి కూడా ఖాళీగా లేదు. పొద్దున ఒక బట్టల షాపులో బిల్లింగ్ చేస్తోంది. అది రెజ్యూమేలో రాయొద్దని ఎవరో సలహా ఇచ్చారట, ప్రొఫెషనల్‌గా ఉండదని. చూశారా, మళ్ళీ మా తాత మూట.

నా సంగతి కూడా చెప్పాలి, లేకపోతే పిల్లల బాధను పుస్తకాల్లో వెతికినదాన్ని అవుతాను. పీహెచ్‌డీ అయ్యాక నాలుగేళ్ళు ఒక చోట గంటల లెక్కన పాఠాలు చెప్పాను. రెగ్యులర్ అధ్యాపకులు చెప్పిన క్లాసులే, దిద్దిన పేపర్లే, ఇంకా ఎక్కువే. దసరా, సంక్రాంతి సెలవులకు పైసా లేదు. తర్వాత ఆ నాలుగేళ్ళను సర్వీసుగా చూపిద్దామని వెళితే యూజీసీ 2018 నిబంధనల్లో ఒక వాక్యం చూపించారు. తాత్కాలిక సర్వీసు లెక్కలోకి రావాలంటే అప్పుడు తీసుకున్న మొత్తం రెగ్యులర్ అసిస్టెంట్ ప్రొఫెసర్ జీతానికి తక్కువ కాకూడదట. అంటే నన్ను తక్కువ డబ్బుకు పనిచేయించుకున్నారు కాబట్టి నేను పనిచేసినట్టు కాదు. మోసపోయినవాడిదే తప్పు అని చట్టంగా రాసుకున్నారు. ఆ రోజు ఆఫీసు మెట్లు దిగుతూ నేను ఉమేదువారు అనే మాటను గుర్తుచేసుకోలేదు, అబద్ధం చెప్పను. బస్టాండులో కూర్చుని ఏడ్చాను. ఆ మాట చాలా తర్వాత, వేరే పని మీద నిఘంటువు తిరగేస్తుంటే కనపడింది.

అందుకే మా అమ్మాయి ఎనభై వేల గురించి అడిగినప్పుడు నీతి చెప్పలేకపోయాను. కొనమనీ చెప్పలేదు. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో దొరికిపోతే ఉద్యోగం పోతుంది, పేరు బ్లాక్‌లిస్టులో పడుతుంది, డ్వాక్రా అప్పు మాత్రం వాళ్ళమ్మ నెత్తిన ఉంటుంది. అవతల కన్సల్టెన్సీ అతనికి ఏమీ కాదు. అదే చెప్పాను. "మరి నేను నిజంగా చేసిన ఆరు నెలలు మేడం?" అంది. తెల్ల కాగితం మీద రాసి సంతకం పెట్టి పంపాను. ఫలానా అమ్మాయి ఫలానా తేదీల మధ్య మా లైబ్రరీలో పుస్తకాల కంప్యూటరీకరణ పని చేసింది, నేను చూశాను అని. కంపెనీవాళ్ళు తిప్పి పంపారు. లెటర్‌హెడ్ మీద ఉండాలట, సంస్థ ముద్ర ఉండాలట.

మొన్న శనివారం లైబ్రేరియన్ గారిని బతిమాలి ఆ పాత కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ఆ సాఫ్ట్‌వేర్‌లో ఒక సంగతి ఉంది, అది అప్పుడు ఎవరూ పట్టించుకోలేదు. ఏ పుస్తకం వివరాలు ఎవరు ఎక్కించారో, ఏ రోజు ఎన్ని గంటలకు ఎక్కించారో అదే రాసిపెట్టుకుంటుంది. ప్రతి పుస్తకం కింద ఆ అమ్మాయి యూజర్ నేమ్ ఉంది. దసరా సెలవుల్లో కూడా ఉంది. ఒక రోజు సాయంత్రం ఏడున్నరకు ఎక్కించిన పుస్తకం జాషువా గబ్బిలం. మొత్తం ప్రింట్ తీయించాను, నూట పన్నెండు పేజీలు వచ్చాయి, కాగితం నేనే కొన్నాను. రేపు సోమవారం పదిన్నరకు దాన్ని పట్టుకుని ప్రిన్సిపాల్ గదికి వెళ్తున్నాను. ఇద్దరు సహోద్యోగులు వెంట వస్తామన్నారు. ఆ అమ్మాయి కూడా రాత్రి బస్సుకి బయలుదేరింది.

కన్సల్టెన్సీ అతను శుక్రవారం దాకా గడువిచ్చాడట.

జై భీమ్.